మూడు కుర్చీల సహజ న్యాయం

పరిపాలనా చట్టమే లేకపోతే ఈ దేశంలో అన్యాయం ఒక పద్ధతీ పాడూ లేకుండా జరిగిపోయేదని, శ్రీకాకుళంలోని ఒక న్యాయ కళాశాల ప్రిన్సిపాలు జగన్నాధం గారు ఏటా మొదటి క్లాసులో ప్రకటిస్తారు. (విద్యార్థులు దీన్ని రాసుకుంటారు. పరీక్షలో వస్తుంది.) ఆ చట్టానికి ప్రాణం సహజ న్యాయ సూత్రాలు. మనిషి మాట వినకుండా శిక్ష వేయకూడదు. తన తగువులో తానే తీర్పరి కాకూడదు. ఉత్తర్వు ఇస్తే కారణం రాయాలి. బల్ల గుద్ది మరీ చెబుతారాయన. ఆఖరి ఏడాది చదువుతున్న రూబీ ఈ సూత్రాలను అందరికన్నా శ్రద్ధగా విని, అందరికన్నా ఎక్కువగా నమ్మింది. ఆమె కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

పెద్ద నోట్లు రద్దయి ఊరంతా ఏటీఎంల ముందు నిలబడిన నవంబరులో కాలేజీ బోర్డు మీద ఒక నోటీసు పడింది. పరిపాలనా చట్టం క్లాసులో హాజరు చాలనందున రూబీ పరీక్షకు అనర్హురాలు. చూసి ఆమెకు నవ్వొచ్చింది. ఆమె రాని రోజుల్లో విశాఖపట్నంలో మూట్ కోర్టు పోటీలో ఉంది. అంటే విద్యార్థులు నల్లకోటు తొడిగి ఉత్తుత్తి కేసు వాదించే పోటీ. వాదించిన అంశం సహజ న్యాయం. గెలిచిన కప్పు ప్రిన్సిపాలు గారి బీరువా మీదే మెరుస్తోంది. వెళ్లమని సంతకం పెట్టింది ఆయనే కనుక వెళ్లి అడిగింది.

"పంపింది ప్రిన్సిపాలు. ఆబ్సెంటు వేసింది సబ్జెక్టు లెక్చరరు" అన్నారు జగన్నాధం గారు.

"ఆ లెక్చరరు కూడా మీరే కదా సార్?"

"అవును. కానీ ప్రిన్సిపాలు పంపిన సంగతి లెక్చరరుకు అధికారికంగా తెలియదు."

"మీరు చెప్పొచ్చు కదా సార్?"

"ఒకరి పరిధిలో ఒకరం వేలు పెట్టమమ్మా. అధికారాల విభజన. మూడో పాఠం."

రూబీకి నవ్వు ఆగిపోయింది. ఈ పరీక్ష పోతే ఏడాది పోతుంది. ఏడాది పోతే, జిల్లా కోర్టులో వకీలు నీలవేణి గారు తనకు జూనియరుగా ఇస్తానన్న చోటు ఇంకొకరికి పోతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ ఇద్దరూ ఒకరే కావడంతో ఆ సామెత కూడా అక్కరకు రాలేదు. ఆమె అప్పీలు పెట్టుకుంది.

అప్పీలు విచారణకు నోటీసు వచ్చింది. తల్లినో తండ్రినో వెంటబెట్టుకుని పది గంటలకు ప్రిన్సిపాలు గది ముందు హాజరు కావాలి. రాకపోతే అప్పీలు కొట్టేస్తారు. పది గంటలకే పరిపాలనా చట్టం క్లాసు. అక్కడికి రాకపోతే ఆబ్సెంటు వేస్తారు. (రెంటికీ హాజరయ్యే మార్గం ఉందా అని రూబీ అడిగింది. దానికి వేరే దరఖాస్తు పెట్టుకోవాలట, పది గంటలకు.)

కళింగపట్నంలో ఆరబెట్టిన చేపల్ని పక్కింటి జగ్గమ్మకు అప్పగించి, చర్చికి వెళ్లే తెల్లచీర కట్టుకుని జ్ఞానసుందరి కూతురి వెంట బస్సెక్కింది. తల్లీకూతుళ్లు గది ముందు బెంచీ మీద కూర్చున్నారు. జగన్నాధం గారు ముందు క్లాసుకు వెళ్లి, హాజరు పిలిచి, రూబీకి ఆబ్సెంటు వేసి, మిగతావాళ్లను చదువుకోమని, విచారణకు వచ్చారు.

గదిలో మూడు కుర్చీలున్నాయి. లెక్చరరుది ప్లాస్టిక్ కుర్చీ. ప్రిన్సిపాలుది చేతుల చెక్క కుర్చీ. అప్పీలు అధికారిది తువ్వాలు పరిచిన తిరిగే కుర్చీ. జగన్నాధం గారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని హాజరు తగ్గిందని రాసి అటెండరు దాలయ్యకు ఇచ్చారు. దాలయ్య కాగితం పట్టుకుని ముందు గుమ్మంలోంచి బయటికి నడిచి, సైకిల్ స్టాండు చుట్టి, వెనక గుమ్మంలోంచి లోపలికొచ్చి, అప్పటికి చెక్క కుర్చీలోకి మారిన జగన్నాధం గారికి అందించాడు. అదే అధికార మార్గం. ఆయన కొత్తగా చదివినట్టు చదివి, "అయ్యో, ఆబ్సెంటు వేశారా!" అని నిజంగానే నొచ్చుకున్నారు. ఆ నొచ్చుకోలు మీద కూడా సంతకం చేసి పైకి పంపారు.

దాలయ్య రెండోసారి బయల్దేరాడు. ఈసారి ఎంతకీ రాలేదు.

"ఏటి బాబూ, ఆ మనిసి ఎటెల్లిపోనాడు?" అంది జ్ఞానసుందరి.

"ఫైలు దారిలో ఉందమ్మా" అన్నారు జగన్నాధం గారు. కిటికీలోంచి చూస్తే ఫైలు టీ తాగుతోంది.

అది వచ్చేసరికి ఆయన తిరిగే కుర్చీ ఎక్కి, ఒక చుట్టు తిరిగి, గొంతు సవరించుకున్నారు. జ్ఞానసుందరి మూడు కుర్చీలనీ మార్చి మార్చి చూసింది.

"ఇందాకటి బాబు, మజ్జినొచ్చిన బాబు, ఈ బాబు, ముగ్గురూ తమరేనా?"

"మనిషి ఒకడే. పదవులు మూడు."

"మా పాస్టరుగోరూ అలాగే సెప్తారు బాబూ, తండ్రి, కుమారుడు, పరిసుద్దాత్మ ముగ్గురూ ఒకటేనని. కాకపోతే ఆ ముగ్గురిలో ఒకలు మన పక్కన నిలబడి మాటాడతారు."

జగన్నాధం గారు మూడు కుర్చీల వైపూ చూసుకుని, నాలుగోది వేయించే నిధులు లేవన్నారు.

తరవాత రూబీ లేచింది. కోపం కళ్లలో నీళ్లయినా గొంతులోకి రానివ్వలేదు. తన తగువులో తానే తీర్పరి కావడం గురించి, ఒక చేత్తో పంపి ఇంకో చేత్తో శిక్షించడం గురించి, విచారణనే ఆబ్సెంటుగా మార్చడం గురించి విశాఖపట్నంలోకన్నా బాగా వాదించింది. జగన్నాధం గారు మైమరచి విన్నారు. మధ్యలో రెండుసార్లు "భేష్" అన్నారు. దాలయ్య చప్పట్లు కొట్టబోయి, తన హోదా గుర్తొచ్చి మానుకున్నాడు. రూబీకి నమ్మకం కుదిరింది.

మధ్యాహ్నానికి కారణాలతో సహా ఉత్తర్వు వచ్చింది. విద్యార్థిని వాదన ఆసాంతం వినడమైనది. అందులో ప్రతి మాటా న్యాయమేనని అంగీకరించడమైనది. సబ్జెక్టు మీద ఇంతటి పట్టున్న విద్యార్థినికి, వచ్చే ఏడాది అదే క్లాసులో మళ్లీ కూర్చోవడం ఏమంత కష్టం కాబోదని ఈ అధికారి భావించడమైనది.

బస్సు వచ్చేదాకా రూబీ ఆ కాగితం మడవలేదు.

"ఏటే, ఏటి రాసినారు?" అంది తల్లి.

"నాను సెప్పిందంతా నిజమేనని రాసినారమ్మా" అంది రూబీ. "అందుకే కుదరదంట."