ఓబుళేశు రెండు ఓట్లు, ఒక పడుగు

పోలింగు నాడు ఓబుళేశు పెట్టుకున్న పనులు రెండే. ఏడింటికి పోలింగు మొదలవగానే ఓటు వేసి రావడం, ఎండ ముదరకముందే వీధిలో పడుగు నూలు సాగదీయడం. పన్నెండు చీరల నూలుకు తెల్లారకముందే గంజి పట్టించి, తడిగుడ్డ కప్పి అరుగు మీద పెట్టి మరీ బయలుదేరాడు. మే నెల ఎండకు గంజి బిగుసుకుపోతే ఆ నూలు ఇక మగ్గమెక్కదు. రెండు నెలల తిండి ఆ గుడ్డ కింద ఉంది.

ఎమ్మిగనూరు నేతవీధిలో పడుగు ఎవరిదైనా పట్టేది అందరూ. తూర్పు వరుస ఆరుగురు ఒక కొస, పడమటి వరుస ఆరుగురు రెండో కొస పట్టి లాగాలి, అది రివాజు. ఎన్నికలొచ్చాక తూర్పు వరుస గొడుగు పార్టీ, పడమటి వరుస గంట పార్టీ అయి కూర్చున్నాయి. ఓబుళేశు ఒక్కడే పార్టీని కాదు, మనిషిని చూసి ఓటేస్తానని నెల రోజులు తల బద్దలు కొట్టుకున్నాడు.

పోలింగు బూత్ నుంచి వస్తుంటే తూర్పు వరుస పెద్ద బొజ్జన్న ఎదురయ్యాడు.

"ఏమప్పా ఓబుళేశూ, ఎవరికేసినావు?"

ఓ అబద్ధంతో పోయేది. ఓబుళేశుకు ఆ విద్య రాదు.

"ఎమ్మెల్యేకు మీ గొడుగాయప్పకే అన్నా. మగ్గం గుంతలో వాననీళ్లు నిలబడకుండా కాలువ తీయించినాడు. ఎంపీకి మాత్రం గంటాయప్పకేసినా. శానా మంచోడు, ఫోన్ చేస్తే ఎత్తుతాడు."

బొజ్జన్న చెవిలో చివరి సగమే మిగిలింది. "అయితే గంటోళ్లలో కలిసినావన్న మాట," అంటూ వెళ్లి తన వరుసకు చెప్పాడు.

పడుగు పట్టడానికి పిలవబోతే పడమటి వరుస పెద్ద దేవేంద్రప్పదీ అదే ప్రశ్న. ఈసారి ఓబుళేశు తెలివిగా గంట సంగతి ముందు చెప్పాడు. దేవేంద్రప్పకూ చివరి సగమే మిగిలింది.

అరగంటలో కథకు కాళ్లొచ్చాయి. గంటవాళ్లు ఓబుళేశును కుటుంబంతో మంత్రాలయం తీసుకుపోతామన్నారని తూర్పున, గొడుగువాళ్లు కొత్త మగ్గం ఇస్తామన్నారని పడమట చెప్పుకున్నారు. సర్దిచెప్పాలని అటూ ఇటూ తిరిగితే, "సూడు, ఇద్దరి కాడికీ పోతాండాడు," అని ఇంకో మాట పుట్టింది. తొమ్మిదైనా ఒక్కడూ అరుగు దిగలేదు.

"నోరు మూసుకోని ఉండకుండా వీదంతా దండోరా ఏసొచ్చినావు," అంది భార్య చౌడేశ్వరి, గుడ్డ మీద నీళ్లు చిలకరిస్తూ. "ఈడ గంజి ఎండిపోతాండాది."

"అడిగితే చెప్పినా. దాంట్లో తప్పేముండాది?"

ఓబుళేశుకు నిజంగానే ఏడుపొచ్చింది. పడుగు ఒక కొస గుంజకు కట్టి, రెండో కొస పట్టుకుని తానొక్కడే లాగడం మొదలుపెట్టాడు. పడుగు నడుమ జారి మట్టి మీదికి వంగింది.

నూలు మట్టిపాలవుతుంటే నేతగాడు చూస్తూ ఊరుకోలేడు. బొజ్జన్న ఇటు నుంచి, దేవేంద్రప్ప అటు నుంచి దూకి నడుమ పట్టుకున్నారు. వాళ్ల వెనకే రెండు వరుసలూ దిగాయి. ఆరుగురు అటూ ఆరుగురు ఇటూ పట్టి లాగేసరికి పడుగు వీధి పొడుగునా బిగిసి నిలబడింది.

కుంచెతో నూలు దువ్వుతూ బొజ్జన్న పక్కకు జరిగాడు. "ఎంపీకి నేనూ ఆ గంటాయప్పకే ఏసినా. మా వరసోళ్లకు చెప్పొద్దు."

కాసేపటికి, తెగిన పోగు అతుకుతూ దేవేంద్రప్ప. "ఆ కాలువ తీయించినోనికి నేనూ ఏసినాలే. నోరు జారొద్దు."

పడుగు చుట్టేలోగా పన్నెండు మందీ విడివిడిగా వచ్చి ఇలాంటి గుట్టే ఓబుళేశు చెవిలో పడేసి పోయారు. అతని గుండె తేలికపడింది.

"నువ్వూ మనిషిని సూసే ఏసినావా?" అని సాయంత్రం భార్యను అడిగాడు.

"నాకేం ఖర్మ. రెండూ గొడుక్కే. మా నాయన కాలం నుంచీ అంతే."

ఆ లెక్కన వీధి మొత్తం మీద పార్టీకి కట్టుబడి నిలిచింది ఓబుళేశు ఇల్లొక్కటే, అదీ సగమే.