వాగవతలి బండ

రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు, ఎండాకాలం. ఆ పొద్దున బాల్‌రాజ్ పెట్టుకున్న పని ఒక్కటే: ధారూర్ స్టేషనులో బండెక్కి, తాండూరు పోయి, కూతురు ఇంద్రమ్మకు పెండ్లి చీర తేవడం. పెండ్లికొడుకు మహేందర్ పరాయివాడేమీ కాదు. వాగు అవతల ఉండే బాలప్ప కొడుకు. బాలప్ప ఎవరో కాదు, బాల్‌రాజ్ భార్య జంగమ్మకు సొంత తమ్ముడు.

చంకన సంచీతో బయలుదేరినవాడు వాగు గట్టు మీదే ఆగిపోయాడు. అవతలి ఒడ్డున బాలప్ప మనుషులు నాలుగు రాతి కాళ్లు పాతి, వాటి మీద పెద్ద తాండూరు బండ పరుస్తున్నారు. సరిగ్గా ఇవతలి చర్చికి ఎదురుగా! ఆ చర్చికి సంఘపెద్ద బాల్‌రాజే. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల ఎలా ఉంటుందో ఆయనకు ఇంకొకరు చెప్పాలా? ఒళ్లు మండిపోయింది. రైలు సంగతి మరిచి ఇంటికి తిరిగొచ్చాడు.

"నీ తమ్ముడు వేరే సంగం పెడుతుండు! బల్ల గూడ కట్టిండు!"

"గట్లనా? పోయి అడుగరాదు," అంది జంగమ్మ బియ్యం చెరుగుతూ.

"అడుగుడెందుకు? నాకు కండ్లు లేవా?"

ఈలోగా పొరుగింటి బిచ్చయ్య వాగుదాకా పోయి రొప్పుతూ వచ్చాడు. "బల్ల ఒక్కటే గాదన్నా, బండి మీద గంట గూడ వచ్చింది. గింత పెద్దది!"

మధ్యాహ్నానికల్లా ఊరి మాటల్లో ఆ గంట వెంట కొడంగల్ నుంచి కొత్త పాస్టరు కూడా వచ్చేశాడు. ఊరివాళ్లు ఆయన చేతికో హార్మోనియం కూడా ఇచ్చారు.

"గసొంటోళ్లకు నా బిడ్డనియ్య! పెండ్లి లేదు, గిండ్లి లేదు!" అని గర్జించాడు బాల్‌రాజ్. లోపల ఇంద్రమ్మ కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. పాపం, ఆ పిల్ల ఎదురుచూసింది చీర కోసం ఒక్కటే కాదు.

జంగమ్మ చాట విసిరేసింది. "నా తమ్ముణ్ని, నా బిడ్డ బతుకును ఒక్క బండ కింద పెడతవా?"

అప్పటికే పదిమంది కర్రలతో పోగయ్యారు. ఇవతలి చర్చి పాస్టరు చెన్నయ్య బైబిలు పట్టుకొని వాళ్లకు అడ్డం నిలబడ్డాడు. "ఆగుండ్రి. గీ తగాదా బైబిల్ల ఉన్నది. యొర్దాను నది అవతలి గోత్రాలోళ్లు పెద్ద బలిపీఠం కట్టిండ్రు. దేవుణ్ని ఇడిసిపెట్టిండ్రని ఇవతలోళ్లు యుద్ధానికి లేసిండ్రు. గని ముందుగాల మనుషులను పంపి అడిగిండ్రు."

"అడిగితే ఏమన్నరయ్యా?" అన్నాడు బిచ్చయ్య.

"మనం గూడ పోయి అడుగుదాం పా."

చీలమండల లోతు నీళ్లు దాటి వస్తున్న కర్రలను చూసి బాలప్ప నవ్వాడు. "ఏంది బావా, పెండ్లికి గింత ముందుగాలనే వచ్చిండ్రు?"

"బల్ల ఎందుకు కట్టినవ్?"

బాలప్ప ముఖంలో నవ్వు పోయింది. "పోయిన వానకాలం వాగొచ్చి మేం చర్చికి రాలే. 'వాగవతలోళ్లకు సంగమెందుకు' అన్నవు నువ్వు. మా పిల్లలు ఇన్నరు బావా. మస్తు బాధపడ్డరు. రేపు మీ పిల్లలు గూడ గదే మాటంటే, మేం గూడ మీతోటోళ్లమే అని చూపెట్టనీకి గీ బండ. వాగొస్తే గిక్కడ కూసోని మీ గంట ఇంటం. ప్రభువు రొట్టె మాత్రం మీ దగ్గర్నే."

"ఆళ్లు గూడ గిదే అన్నరు," అన్నాడు చెన్నయ్య మెల్లగా. "గది బలికి గాదు, సాక్షికి అని."

బాల్‌రాజ్ కర్ర కింద పెట్టాడు. "గా మాట అన్నది నేనే బాలప్పా. కోపంల అన్న. మల్ల ఇయ్యాల అడుగకుంట కర్ర పట్టిన. రెండు తప్పులు నాయే." చుట్టూ చూసి, "మరి గంట?" అన్నాడు.

బాలప్ప బండి వైపు చెయ్యి చూపాడు. అక్కడ బోర్లించిన పెద్ద ఇత్తడి గుండిగ మెరుస్తోంది. "పెండ్లన్నం దేంట్ల వండాలె బావా?"

అందరూ బిచ్చయ్య కోసం వెతికారు. ఆయన అప్పటికే వాగు సగం దాటాడు.

మరునాడు బాల్‌రాజ్ తాండూరు పోయి చీర తెచ్చాడు, బామ్మర్దిని వెంటబెట్టుకొని మరీ. పెండ్లి విందు వాగు అవతలే జరిగింది. గుండిగకు గరిటె తగిలి ఖంగుమన్నప్పుడు, చర్చి గంటే అనుకొని బండ మీది నుంచి లేచి ప్రార్థనకు నిలబడినవాడు బాల్‌రాజ్ ఒక్కడే.