కట్ మార్కుల అవతల సైదులు

సైదులును చంపింది మీరే. అవును, మీరే. "కార్డులెందుకన్నా, పీడీఎఫ్ పంపరాదు" అన్నవాళ్లు, పిల్లల పుస్తకాలన్నీ యాప్‌లో కుక్కి చేతులు దులుపుకున్నవాళ్లు, ఇంటికొచ్చిన శుభలేఖను ఫోన్‌లో చూసి బొటనవేలితో పైకి తోసేసినవాళ్లు, అందరూ కలిసి చంపారు. ఒక మంగళవారం పొద్దున పదింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా అతను చచ్చిపోయే ఉన్నాడు. ఆ సంగతి అతనికొక్కడికే తెలియదు.

ఆ పొద్దున లేచేసరికి సైదులు ముందు రెండు పనులున్నాయి. దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో వెనక గల్లీలో అతని ప్రెస్. ఇరవై రెండేళ్లు కడుపు నింపిన ఆఫ్‌సెట్ మిషన్ మీద ఆరు నెలలుగా దుప్పటి కప్పి ఉంది, దవాఖానలో మనిషిలా. శుక్రవారం లోపల పెద్ద పని దొరకకపోతే దాన్ని తుక్కు కింద తూచి ఇచ్చేయాల్సిందే. అందుకని ఎల్బీనగర్ పోయి కోచింగ్ సెంటర్ గజేందర్ సార్ కాళ్లో గడ్డమో పట్టుకుని, పిల్లల మెటీరియల్ అచ్చు పని అడగాలి. అది రెండో పని. మొదటిది బావమరిది ధర్మేందర్ అంటగట్టింది.

"బావా, పెండ్లి కార్డులు ఫోన్‌ల చేసెటోళ్లు గల్లీకి పదిమంది ఉన్నరు. సావు కార్డు చేసెటోడు ఒక్కడు లేడు. మనిషి పోయిన పది నిమిషాలకు అందరి ఫోన్లల్ల పడాలె. మస్తు నడుస్తది. నువ్వొక నమూనా చెయ్యి, నేను గ్రూపులల్ల ఏస్త."

నమూనాకు ఫోటో కావాలి. బతికున్నవాడెవడిస్తాడు? పక్క షాపు రామస్వామిని అడిగితే టీ గ్లాసు కింద పెట్టి, "పొద్దుపొద్దున్నే ఏం మాటలయ్యా ఇవి" అని లోపలికి పోయినవాడు మళ్లీ బయటికి రాలేదు. చచ్చినవాళ్ల ఫోటో పెడితే వాళ్ల ఇంటివాళ్లు వచ్చి కొడతారు. చివరికి సైదులు తన ఫోటోనే పెట్టుకున్నాడు. ఖాళీ గీతలతో ప్రూఫ్ ఇవ్వడం అతని ఇంటా వంటా లేదు కాబట్టి తన పేరు, ఆ రోజు తేదీ, "అంతిమయాత్ర మధ్యాహ్నం రెండు గంటలకు, ప్రెస్ నుండి" అన్నీ నింపాడు. కింద లావు అక్షరాలతో "నమూనా మాత్రమే" అని కూడా వేశాడు. కానీ ఎక్కడ వేశాడు? కట్ మార్కుల బయట. గిరాకీ చూడాల్సింది ఆ గీతల లోపల, ప్రెస్‌వాడు చూడాల్సింది గీతల బయట. కాగితం కోసే కత్తి సరిగ్గా ఆ గీతల మీదే పడుతుంది. చెయ్యికి పట్టిన అలవాటు ఫోనొచ్చిందని పోతుందా?

ధర్మేందర్ కార్డు చూశాడు. నాలుగు మూలలా నల్ల గీతలు, కింద తెల్ల అంచు, ఏవో అక్షరాలు. "మా బావకు జర నీట్‌నెస్ లేదు" అనుకుని చదవకుండానే అంచులన్నీ కోసేశాడు. పైన ఒక్క ముక్కా రాయకుండా ముప్పై ఆరు గ్రూపుల్లో వేసి, ఫోన్ స్కూటర్ డిక్కీలో పడేసి బాలాపూర్ పనికి పోయాడు.

సైదులు మెట్రో దిగేసరికి అతని ఫోన్ చార్జింగ్ అయిపోయి ఆగిపోయింది. కోచింగ్ సెంటర్‌లో గేటు దగ్గరి బల్ల ముందున్న అమ్మాయి తలెత్తకుండా చెప్పింది.

"సార్ లేరు. ఏదో సావుకు పోయిండ్రు. కూసుంటే కూసోండ్రి."

"పాపం, ఎవరు పోయిండ్రమ్మా?"

"ఎవరో ప్రెస్సాయనంట."

సైదులు మనసు చివుక్కుమంది. తమవాళ్లలో ఇంకొకడు రాలిపోయాడు. మిషన్ అమ్ముకున్న బెంగతోనే పోయుంటాడు. ఎవరైతేనేం అని రెండు నిమిషాలు కళ్లు మూసుకుని, ఆ చచ్చినవాడి ఆత్మకు శాంతి కోరుకున్నాడు. తర్వాత ఒంటిగంట దాకా ఆ కుర్చీలోనే కూర్చుని, లాభం లేదని లేచాడు.

ఇక్కడ ప్రెస్ ముందు వేరే కథ నడుస్తోంది. సరూర్‌నగర్‌లో పక్కింటామె ఫోన్ చూపించగానే అతని భార్య అండాలమ్మ చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది. ఎన్నిసార్లు చేసినా మొగుడి ఫోన్ పలకలేదు. తేదీ ఇవాళ్టిది. బాడీ ఎల్బీనగర్ నుంచి వస్తోందని ఒకడు, ఉస్మానియాలో ఉందని ఇంకొకడు. షట్టర్ ఎత్తించి, మిషన్ మీది దుప్పటి లాగేసి, దాన్నే పట్టుకుని ఏడ్చింది.

"పొద్దున కొట్లాడి పంపితిని. గీ ఇనుముకున్న ఇలువ నాకు లేదా అంటిని. తిని పొమ్మంటె తినకుండ పాయె."

ఎవరో చెబితే బాలాపూర్ నుంచి ధర్మేందర్ వచ్చాడు. అది ఉత్త నమూనా అని తెలిసినవాడు భూమ్మీద ఇంకొకడుంటే వాడే. కానీ అక్క ఏడుపు, దండలు, పాడె కట్టడానికి దిగిన వెదురు బొంగులు చూసేసరికి వాడికీ నిజమే అనిపించింది. "అక్కా, నమూనా అనుకుంటిమే! బతికున్నోని ఫోటో పెడితిమి, గా అపశకునమే తలిగిందే!" అని ఆమె కంటే గట్టిగా ఏడవడం మొదలుపెట్టాడు. అంతకుముందు కొంచెం అనుమానం ఉన్నవాళ్లు కూడా దాంతో నమ్మేశారు.

నమ్మనిది ఒక్క లచ్చయ్యే. పద్దెనిమిదేళ్లు ఆ ప్రెస్‌లో బైండింగ్ చేసి, పని లేక ఇప్పుడు మన్సూరాబాద్‌లో అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌గా ఉన్నాడు. ఎవరి ఫోనో అడిగి తీసుకుని కళ్ల దగ్గర పెట్టుకున్నాడు.

"గిది మా సేటు కోసింది కాదు. కింది అంచు వంకరున్నది. ఎవడో తెల్వనోడు కోసిండు. కోసిన ముక్క ఏది?"

"ఫోన్ల ముక్కలుంటయా తాతా, ఊకో" అన్నారు జనం.

సైదులు గల్లీ మలుపు తిరిగేసరికి రెండయింది. ప్రెస్ ముందు వంద జతల చెప్పులు. నాలుగేళ్లలో అంతమందిని అక్కడ చూడలేదు. గుండె ఎగిరి గంతేసింది. కార్డు పని చేసింది! ధర్మేందర్ చెప్పింది నిజమే! "జరుగుండ్రి, జర జరుగుండ్రి. పరేషాన్ గాకుండ్రి, అందరికి చేసిస్త, ఒక్కొక్కలే రాండ్రి" అంటూ దూరాడు.

"సావు కాడ గా లొల్లేంది పెద్దమనిషీ" అని ఎవరో వెనక్కి తిరక్కుండానే కసిరారు.

లోపల గజేందర్ సార్ మాట్లాడుతున్నాడు. "సైదన్న అసుంటి నియతున్న మనిషి మళ్ల పుట్టడు. ఈ యేడు నాలుగు వేల మంది పిల్లల మెటీరియల్ సైదన్నకే ఇద్దామనుకున్న. ఆ రుణం తీర్చుకునే భాగ్యం దేవుడు నాకియ్యలే."

"నిజంగనా సార్?" అన్నాడు సైదులు వెనక నుంచి.

గల్లీ మొత్తం వెనక్కి తిరిగింది. అండాలమ్మ లేచి వచ్చింది. మొగుడి ఛాతీ మీద రెండు గుద్దులు గుద్ది, తర్వాత ఆ అంగీనే పట్టుకుని కుప్పకూలింది. సైదులుకు అప్పుడు అర్థమైంది, తాను ఎవరి ఆత్మకు శాంతి కోరాడో.

"బతికే ఉన్నవా! మంచిగైంది సైదన్నా, మంచిగైంది" అన్నాడు గజేందర్, గడియారం చూసుకుంటూ.

"మెటీరియల్ ఎన్నటి సంది మొదలువెట్టమంటరు సార్?"

"అరె, అది సంతాపం సైదన్నా. ఆర్డర్ కాదు. అంతా యాప్ల ఎక్కిపాయె గదా."

జనం కదిలారు. సగం జీతం కట్ అయిందని ఒకడు గొణిగాడు. ఇంకొకడు తెచ్చిన దండ చప్పుడు లేకుండా సంచిలో పెట్టుకున్నాడు. వీళ్లలో సగం మంది పెళ్లి కార్డులు సైదులు చేతి మీదుగా అచ్చయినవే. చచ్చాడంటే వంద మంది వచ్చారు. బతికి ఉన్నాడని తెలిసి నిమిషం కాలేదు, చెప్పులు వెతుక్కుంటున్నారు. ఇంత బాధ అతను చచ్చినప్పుడు కూడా పడలేదు.

లచ్చయ్య మాత్రం ఎటూ పోలేదు. అరలోంచి ఒక తెల్ల కాగితం లాగి, దుమ్ము ఊది, చల్లగా పడున్న మిషన్ మీద పరిచాడు. జేబులోంచి పెన్ను తీసి పక్కన పెట్టాడు. "అడుగు సేటూ" అన్నాడు.

సైదులు ఆ కాగితం, పెన్ను పట్టుకుని వెళ్లి సార్ కారుకు అడ్డంగా నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి అతని చేతులు జోడించి లేవు.

"ఇందరి ముంగట ఒక మాటన్నరు సార్. గది రాసియ్యుండ్రి."

"ఫోన్ల మెసేజ్ పెడ్తలే సైదన్నా, ఒదులు."

"ఫోన్ల నేను పొద్దుగాలనే సచ్చిన సార్. గందుకే కాయితం మీద రాయుండ్రి. ఇప్పుడే, గీడనే, గీళ్లంత చెప్పులేసుకునే లోపట."