ఇరవై నాలుగు పాయింట్ ఆరు

ఆ సోమవారం పొద్దున వెనింగ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. వసారాలో ఒక రాయిని తాడుకు కట్టి పదిసార్లు ఊపడం, వీడియో తీయడం, మిగతా అంకెలు ఊహించి రాసి మధ్యాహ్నం పన్నెండు లోపు పంపేయడం. జవాబు ఎలాగూ పుస్తకంలోనే ఉంది: భూమ్యాకర్షణ విలువ తొమ్మిది పాయింట్ ఎనిమిది. అంటురోగం వల్ల కాలేజీ మూసేసినప్పటి నుంచి ఆమె స్నేహితుడు గాలిహ్ ఆరు ప్రయోగాలూ మంచం దిగకుండానే చేశాడు. "తెలిసిన జవాబుకి ప్రయోగం దేనికే?" అన్నది అతని సిద్ధాంతం. వెనింగ్‌కూ అది సబబుగానే తోచింది. ఇది ఆరో ప్రయోగం, చివరిది; తప్పితే విద్యార్థి వేతనం ఆగిపోతుంది. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే.

అమ్మ కారం నూరే పొడవాటి రాయిని వెనింగ్ వంటింట్లోంచి అమ్మకు తెలియకుండా తెచ్చింది. దూలానికి నాన్న గువ్వ పంజరం వేలాడే కొక్కెం ఉంది. పంజరాన్ని దించి కాళ్ళ దగ్గర పెట్టుకుని, ఆ కొక్కేనికి రాయిని కట్టింది. కొక్కెం నుంచి ముడి దాకా నూట నలభై రెండు సెంటీమీటర్లు. నాన్న ఫోనును గోడకు ఆనించి వీడియో పెట్టి, తన ఫోనులో టైము చూస్తూ పైకే లెక్కపెట్టసాగింది.

గోడ మీదుగా పక్కింటి తుగిమాన్ తల పైకి లేచింది. ఊళ్ళో చిన్నా పెద్దా ఆయన్ను పక్‌డె, అంటే పెదనాన్న, అనే పిలుస్తారు. గువ్వల కూత పోటీల్లో పదిహేనేళ్ళుగా తీర్పులు చెబుతున్న మనిషి.

"ఏం కొలుస్తున్నావమ్మా?"

"టైము పక్‌డె. యూనివర్సిటీకి పంపాలి."

"ఎంతొచ్చింది?"

"పదిసార్లకి ఇరవై నాలుగు పాయింట్ ఆరు సెకన్లు."

ఆమె కాళ్ళ దగ్గరున్న పంజరం చూసి తుగిమాన్ ముఖం వాడిపోయింది. గువ్వ కూతను ఎవరైనా చెవితోనే తూస్తారు. పాయింట్ల దాకా కొలిపించుకున్న గువ్వ ఆ తాలూకాలో లేదు. అరగంటలో వసారాలో ఏడుగురు మనుషులు, ఏడు పంజరాలు చేరాయి. మాస్కులన్నీ గడ్డాల కింద ఉన్నాయి.

"గువ్వ కాదు, రాయి! అసలు గువ్వ కూయడమే లేదు చూడండి!" అని వెనింగ్ మొత్తుకుంది.

"పెద్ద గువ్వలు ఊరికే కూయవు తల్లీ. రాయి ఊపుతూ దానికి తాళం నేర్పుతున్నావు. మాకు తెలీదా?" అన్నాడు తుగిమాన్.

పొలం నుంచి వచ్చిన నాన్నకు ఏమీ అర్థం కాలేదు. కానీ ఏడుగురు ప్రత్యర్థులు తన గువ్వ వంక అసూయగా చూడడం మాత్రం అర్థమైంది. "మా అమ్మాయి చెప్పిందంటే ఇక తిరుగులేదు," అని కాఫీకి నీళ్ళు పెట్టించాడు.

విసిగిపోయిన వెనింగ్, "అయితే మీరే కొలవండి!" అంది. అనకుండా ఉండాల్సింది. వెంటనే మూడు కుర్చీలు వచ్చాయి. వాళ్ళలో ముగ్గురు జడ్జీలై, ఒకరి కాగితం ఒకరికి కనపడకుండా పెడమొహాలు పెట్టి కూర్చున్నారు. ఎవరైనా దగ్గితే ఆ ఊపు రద్దు. వెనింగ్ మళ్ళీ వీడియో పెట్టింది, వాళ్ళు పదిసార్లు కొలిచారు. ఇరవై నాలుగు పాయింట్ ఐదు, ఆరు, ఏడు, మళ్ళీ ఆరు. లెక్క కడితే తొమ్మిది పాయింట్ మూడు తేలింది.

వెనింగ్ నిట్టూర్చి, దాని బదులు పుస్తకంలోని అంకె వేయబోయింది.

"ఆగు! తీర్పు దిద్దుతున్నావా?" అని తుగిమాన్ గద్దించాడు.

"పుస్తకంలో అలా ఉంది పక్‌డె."

"పుస్తకం వచ్చి ఈ కుర్చీలో కూర్చుందా? దిద్దినవాణ్ణి మేం మళ్ళీ పంజరం ముట్టనివ్వం."

పెన్ను ఆగిపోయింది. ఆరు ప్రయోగాల్లో మొదటిసారి ఆమెకు జవాబు మీద కాక, తప్పు మీద మనసు పోయింది. ఆ అర పాయింటు ఎటు పోయినట్టు? అందరూ వెతికారు. గాలి అన్నారు, దూలం అన్నారు. "మెరాపి కొండ పక్కనే ఉంది కదా, అదేమైనా లాగేస్తోందేమో," అని ఒకాయన సందేహించాడు.

పన్నెండుకు ఇరవై నిమిషాలు ఉందనగా అమ్మ వచ్చింది. "నా రాయి ఇక్కడా ఊరేగుతోంది! ఇంతమందికి అన్నం పెట్టాలి, సంబల్ కారం నూరొద్దూ?" అంటూ ముడి విప్పేసింది.

"అమ్మా, దాని కొలతలు ఇంకా..."

"తాడు కొలిచావు సరే, రాయినెవరు కొలుస్తారే? ఊగింది తాడొక్కటేనా?"

వెనింగ్ స్కేలు పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తింది. రాయి అప్పటికే మిరపకాయల్లో ఉంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా ముడి ఉన్న చోటు నుంచి రాయి బరువు మధ్య దాకా కొలిచింది. ఎనిమిది సెంటీమీటర్లు! కలిపి చూస్తే తొమ్మిది పాయింట్ ఎనిమిది. పాత అంకెను కొట్టేసి, పక్కన కారణం రాసి, ఇంకా ఐదు నిమిషాలుండగా పంపింది.

సాయంత్రం లెక్చరర్ బు లస్త్రి ఫోన్ చేసింది.

"మిగతా ముప్పై ఒక్క మందికీ తొమ్మిది పాయింట్ ఎనిమిదే వచ్చిందమ్మా. ఒక్కరికీ చెయ్యి వణకలేదు, ఒక్కరూ తప్పు చేయలేదు. అందరివీ తిప్పి పంపాను. నేను నమ్మింది నీ కొట్టివేత ఒక్కటే. అది సరే గానీ, వీడియోలో కుర్చీల్లో ఉన్న ఆ ముగ్గురు ఎవరు? మిగతావాళ్ళు మళ్ళీ చేసేటప్పుడు కూర్చుంటారేమో అడుగుతావా?"

మరుసటి సోమవారం గాలిహ్ ఫోను తెరిచేసరికి తెర నిండా తుగిమాన్ ముఖం ఉంది.

"నాయనా, ముందు మంచం దిగు."

కొలతలు జరిగిన పొద్దంతా ఒక్కసారైనా కూయని నాన్న గువ్వకు మాత్రం, ఆ తాలూకాలో ఇరవై నాలుగు పాయింట్ ఆరు అనే పేరు స్థిరపడిపోయింది.