గులాబీ చక్రాలు

ఆ బుధవారం పొద్దున గండయ్య పెట్టుకున్న పని చిన్నదే. ఏరి ఉంచిన ఆరు ఇనుప చక్రాలను ట్రాలీ ఆటోలో నాచారం తీసుకెళ్లి పౌడర్ కోటింగ్‌కు ఇచ్చి, అన్నం వేళకు ఉప్పల్‌లో ఇల్లు చేరాలి. గుమ్మంలో నిలబడి చూస్తున్న అతని భార్య శంకరమ్మకు మాత్రం అది చిన్న పనిలా కనిపించలేదు.

వాకిట్లో, ఇంజన్ ముక్కులా ముందుకు పొడుచుకొచ్చిన పాత లారీ చక్రాలు లేకుండా రాళ్ల మీద కూర్చుని రెండేళ్లయింది. ఆమె కాపురంలో కంటినిండా నిద్రపోయింది ఆ రెండేళ్లే. అంతకుముందు గండయ్య బతుకంతా బొంబాయి, నాగపూర్ లైన్లలో లారీ తోలుతూనే గడిచింది. నాలుగు రోజుల్లో వస్తానని వెళ్లి, ఒకసారి వానాకాలమంతా అయ్యాక విరిగిన కాలితో వచ్చాడు. వెళ్తున్న లారీ వెనకభాగం చూస్తే మనిషి తిరిగి రాడేమోనని ఆమె భయం. అందుకే ఎప్పుడూ గోడవైపు తిరిగి సాగనంపేది. లారీ రాళ్లెక్కాక దాని ముక్కు మీద మిరపకాయలు ఎండబెట్టుకుంటూ, గండం గడిచిందనుకుంది.

ఇప్పుడేమో ఆయన ఇంజన్ బాగుచేయించాడు. పాతసామాను దుకాణంలో ఒక్కో చక్రాన్ని దొర్లించి, వంకరగా పోతున్నదేమో చూసి, బోల్టు రంధ్రాల చుట్టూ పగుళ్ల కోసం తడిమి ఏరుకున్నాడు. పెళ్లిచూపుల్లో ఆమెను కూడా అంత శ్రద్ధగా చూడలేదు. "శనివారానికి బండి కదలాలె" అని మెకానిక్‌తో అనడం ఆమె చెవిన పడింది. ఎక్కడికని అడిగితే మాట మార్చాడు. ఇక ఆగలేక తనూ ట్రాలీ ఎక్కి కూర్చుంది.

నాచారంలో ఆ షెడ్డు భూషణానిది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. చక్రాలకు తుప్పు వదిలించి, పొడి రంగు చల్లి, గదంత పొయ్యిలో పెట్టి కాలుస్తామని చెప్పాడు. కాకపోతే చిన్న పనికి విడిగా పొయ్యి వెలిగించరు. ఏదో ఒక రంగులో పెద్ద సరుకు వచ్చినప్పుడు, అదే రంగు కావలసిన చిన్న సామాను కూడా దానితోపాటు లోపలికి వెళ్తుంది. చుట్టుపక్కల చేసే బీరువాలన్నీ బూడిద రంగువే గనుక ఆ రంగు రోజూ నడుస్తుంది. అయితే బూడిద రంగే వేయమని చెప్పి, గండయ్య బీడీ కాల్చుకోవడానికి బయటికి వెళ్లాడు.

శంకరమ్మ భూషణం దగ్గరికి జరిగింది. ఎవరూ అడగని రంగు ఏదని మెల్లగా అడిగింది.

"గులాబీ, అమ్మా. ఆ డబ్బా మూత కూడా తీయలేదు."

"గదే వెయ్యి బిడ్డా. మా ఆయన మనసు మారింది."

"దాని వంతు వచ్చేసరికి ఉగాది దాటిపోతుందండీ."

"దాటనియ్యి. మాకేం తొందర లేదు."

మర్నాడు గండయ్య చక్రాల కోసం చెప్పులు తొడుక్కుంటుంటే, భూషణం పొయ్యి ఖరాబైందని కబురొచ్చినట్టు చెప్పింది. చెప్పాక తన నోటికి తనే జడుసుకుంది. గండయ్య తిట్టుకుంటూ చాయ్ హోటల్లో కూర్చుని, ఆ పొయ్యి సంగతి అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాడు. అక్కడున్న బీరువాల తయారీదార్లు చాయ్ సగంలో వదిలేసి పరుగెత్తారు. సాయంత్రానికి బీరువాలన్నీ వేరే షెడ్డుకు తరలిపోయాయి.

భూషణానికి ఏమీ అర్థం కాలేదు. పొయ్యి భగభగ మండుతూనే ఉంది, జనం వచ్చి పరామర్శించి పోతున్నారు. చేతిలో పని లేక, కుదరదని తిప్పి పంపిన ఒక బడివాళ్లను మళ్లీ పిలిపించుకున్నాడు. వాళ్లకు చిన్నపిల్లల బెంచీలకు రంగు వేయాలి. అది గులాబీ రంగు.

శనివారం పొద్దున సైనిక్‌పురి నుంచి ఉమామహేశ్వర్ అనే రిటైరైన కెప్టెన్ కారులో దిగాడు. లోడు పంపించే మనిషి ఇతనేనని శంకరమ్మ అనుకుంది. చక్రాలు లేవుగదా అన్న ఒక్క ధైర్యంతో తలుపు పట్టుకుని నిలబడింది. అంతలో ట్రాలీ వచ్చి ఆగింది. భూషణం నవ్వుతూ గోనెపట్టా లాగాడు.

వాకిలంతా గులాబీమయం అయింది.

కెప్టెన్ ఒక చక్రం మీద వేలితో గీసి చూశాడు. "రేపు పాతబండ్ల ప్రదర్శన, గండయ్యా. నేను కొంటానన్నది లారీని. పెళ్లిపల్లకీని కాదు."

మళ్లీ బూడిద రంగు వేయించి సాయంత్రానికల్లా బిగిస్తానని గండయ్య బతిమాలాడు. బీరువాలు లేనిదే బూడిద రంగు నడవదన్నాడు భూషణం. బోడుప్పల్‌లో ఇంకో లారీ చూసి పెట్టుకున్నానని చెప్పి కెప్టెన్ వెళ్లిపోయాడు.

"కొంటానన్నడా? ఏమయ్యా, బండి అమ్ముతున్నవా?" శంకరమ్మ గుమ్మం దిగి వచ్చింది.

"అమ్మకుంటె నాలోపల లైను మీదికి పోవాలని పురుగు తొలుస్తనే ఉంటది. ఇంటిపట్టున ఉందామనే అమ్ముతున్న."

"మరి నాకెందుకు చెప్పలే?"

"బర్రెను అమ్మిననాడు నువ్వు మూడు దినాలు అన్నం ముట్టలే. గిది పోతదంటె బతుకుతవా?"

ఆమె చీరకొంగు నోట్లో కుక్కుకుంది. రంగు మార్చింది తనేనని, పొయ్యి మాట పుట్టించింది కూడా తనేనని ఏడుస్తూ ఒప్పుకుంది. గండయ్య నోరు తెరిచేలోపు భూషణం అందుకున్నాడు.

"అమ్మా, మీ మాటకు నా బీరువాలన్నీ పోయాయి. మిగిలింది ఆ బెంచీలే. వాటిని హనుమకొండ చేర్చాలి, ఒక్క లారీ దొరకట్లేదు. మీవారు తోలాల్సిందే."

కాదనడానికి ఎవరికీ మొహం లేకపోయింది. చక్రాలకు టైర్లు తొడిగి లారీకి బిగించారు, బెంచీలు సర్దారు. సోమవారం పొద్దున గండయ్య స్టీరింగు ముందు కూర్చున్నాడు. శంకరమ్మ భయపడిన గడియ రానే వచ్చింది, అదీ ఆమె చేతులమీదుగానే. కాసేపు గోడనే చూస్తూ నిలబడింది. తర్వాత ఇంటికి తాళం వేసి, సద్దిమూట పట్టుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి లారీ ఎక్కింది.

"ఏందే గిది, దిగు."

"నువ్వు ఎటు పోతె నేను గటే. జర మెల్లగ తోలు. ఎదురుంగ బస్సొస్తంది సూడు. బ్రేకెయ్యి."

ఘట్‌కేసర్ దాటేసరికి, ఎడబాటులో ఎంత సుఖముందో గండయ్యకు తెలిసివచ్చింది.