లాండ్రీలో బ్రోకర్ పీక నొక్కిందెవరు?

ఆ ఉదయం అల్లుడి పథకం చాలా చిన్నది. హోటల్ నుంచి వచ్చిన బట్టలన్నీ సాయంత్రంలోగా ఉతికించి, ఇస్త్రీ చేయించి, ఒక్క కేక కూడా వినిపించకుండా తిరిగి పంపించాలి. కేక లేకుండా అన్నదే అసలు సంగతి. ఎందుకంటే మామగారి లాండ్రీ ఇన్నేళ్ళూ నడిచిందే కేకల మీద. కౌంటర్లోంచి కూతురు "తెల్లవి, గంజి వద్దు!" అని అరిస్తే, ఉతికే గదిలోంచి, బట్టల డ్రమ్ము తిప్పే డ్రమ్ము మాస్టారు "ఆఁ?" అని అరిచేవాడు. ఇస్త్రీ గదిలోంచి బావమరిది ఆ రెండూ కలిపి ఇంకేదో అరిచేవాడు.

అల్లుడికి లినక్స్ అనే కంప్యూటరు విద్య వచ్చు. మూలన పడి ఉన్న పాత కంప్యూటరు దుమ్ము దులిపి, అందులో మెసేజ్ బ్రోకర్ అనే ప్రోగ్రామును కూర్చోబెట్టాడు. కౌంటర్లో భార్య టైపు చేసిన మాటను అది అందుకుని, ఉతికే గది తెరకూ ఇస్త్రీ గది తెరకూ చేరవేస్తుంది. "బ్రోకరంటున్నారు, కమీషనేమైనా తింటాడా?" అని మామగారు మొదటిరోజే అనుమానపడ్డారు. అయినా అల్లుడి అనుమానం ముందు మామగారిది ఏ మూలకి! డబ్బా మీద ఉప్పు అని రాసి ఉన్నా నాలుక మీద వేసుకుని చూస్తే తప్ప నమ్మే రకం కాదు అల్లుడు. తాను తెచ్చిన ప్రోగ్రామునే నమ్మలేదు. యంత్రం మీద పెత్తనం ఏమాత్రం ఇవ్వకుండా దాన్ని కంటైనర్ అనే కట్టుదిట్టమైన పెట్టెలో బిగించి, 'అల్లుడు' అని పేరు పెట్టుకున్న తన సొంత ఖాతా కింద, ఇంట్లో ఒక్క గది అద్దెకిచ్చినట్టుగా ఉంచాడు.

"అది ఏ వెధవ పని చేసినా నా గది దాటి పోలేదు," అని భార్య దగ్గర గొప్పలు పోయాడు కూడా.

కొన్నాళ్ళు అంతా సజావుగానే నడిచింది. నిన్న సాయంత్రం మాత్రం బావమరిది ఆ కంప్యూటరు ముందు కూర్చుని ఉండగా అల్లుడి కంటపడ్డాడు.

"ఏం చేస్తున్నావు?"

"ఏం లేదు బావా. ఫ్యాను ఇక్కడే కదా ఉంది, గాలికి కూర్చున్నా."

ఫ్యానట! గాలట! రాత్రంతా అల్లుడికి కంటి మీద కునుకు లేదు. ఇన్నాళ్ళూ కుర్చీలోంచి లేస్తే తెర ఆర్పి ఊరుకునేవాడు. ఇక లాభం లేదనుకుని, ఈ పొద్దున్నుంచి లేచిన ప్రతిసారీ పూర్తిగా లాగౌట్ అవడం మొదలుపెట్టాడు.

హోటల్ మూటలు దిగగానే మామగారు పిలిచి చెప్పారు. "అల్లుడుగారూ, ఈ రోజు మన పని నచ్చితే ఏడాది పొడుగునా బట్టలు మనకే ఇస్తారట. మీ తెరలు గనక మొరాయించాయో, సాయంత్రానికి వాటిని అటకెక్కిస్తాను. మీరు రేపట్నుంచి మూటలు మోద్దురుగాని. నాకు మొహమాటాల్లేవు."

 అల్లుడు మీసం సర్దుకుని, పని మొదలవగానే లాగౌట్ అయి టీ తాగడానికి వెళ్ళాడు. గ్లాసు పెదాలకు తగిలిందో లేదో, ఇస్త్రీ గదిలోంచి బావమరిది అరిచాడు.

"బావా! తెర నల్లబడింది!"

అల్లుడు పరుగున వచ్చి లాగిన్ అయ్యాడు. బ్రోకర్ నిక్షేపంలా నడుస్తోంది. ఇస్త్రీ గదిలో తెర వెలిగింది. గుమ్మంలో బావమరిది నవ్వుతూ నిలబడ్డాడు. ఆ నవ్వు అల్లుడికి ఒంటికి కారం రాసినట్టు తగిలింది.

"ఇప్పుడెలా వచ్చింది?"

"నువ్వొచ్చావుగా బావా, భయపడి వచ్చుంటుంది."

ఓహో, వెటకారం కూడానా! అల్లుడు పాస్‌వర్డ్ మార్చి, లాగౌట్ అయి, ఉతికే గదిలో పనున్నట్టు నటిస్తూ వెళ్ళాడు. అతను అక్కడ నిలబడి ఉండగానే డ్రమ్ము మాస్టారి తెర కూడా గుటుక్కుమంది. వెనక్కి పరిగెత్తి లాగిన్ అయ్యేసరికి, కౌంటర్లో అప్పటిదాకా ఆగిపోయిన కబుర్లన్నీ ఒక్కసారిగా ఉతికే గది మీద విరుచుకుపడ్డాయి. డ్రమ్ము మాస్టారు వరసపెట్టి వచ్చినవాటిని వరసపెట్టి డ్రమ్ములో కుక్కేశాడు. హోటల్ తెల్ల బల్లగుడ్డలతో పాటు ఎవరింటివో ఎర్ర కర్టెన్లు కూడా లోపలికి పోయాయి. "కర్టెన్లు వేరుగా ఉతకండి" అన్న కబురు అన్నిటికన్నా చివర వచ్చింది. తీరా డ్రమ్ము తెరిస్తే బల్లగుడ్డలు గులాబీ రంగులో సిగ్గుపడుతున్నాయి.

"ఏమండీ, మీ బ్రోకర్‌కి ఒంట్లో బాగాలేదేమో కాస్త చూడండి," అంది భార్య.

"ఒంట్లో బాగుంది. ఇంట్లోనే బాగాలేదు," అని పళ్ళు నూరాడు అల్లుడు.

ఈసారి వల పన్నాడు. లాగౌట్ అయి, ఆరేసిన దుప్పట్ల వెనక నక్కి, కంప్యూటరు మీదనుంచి చూపు తిప్పలేదు. ఈగ కూడా అటు వాలలేదు. అయినా రెండు గదుల్లోంచీ ఒకేసారి "పోయింది!" అని కేకలు! దగ్గరికి రాకుండానే చంపుతున్నాడంటే, దూరం నుంచి, ఫోన్లోంచే చేస్తున్నాడన్నమాట! దుప్పట్లు చీల్చుకుని వెళ్ళి బావమరిది ఫోను లాక్కున్నాడు. వైఫై తీగ పీకేశాడు. కంప్యూటరున్న గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. వైఫై పోయాక కౌంటరు కూడా మూగబోయిందని అతనికి తట్టనేలేదు.

"ఒరేయ్ తమ్ముడూ, ఏం చేశావురా?" అంది అక్క.

"చేయలేదక్కా. నేనేం చేయలేదు. ఒట్టు."

"అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం ఖాళీ!" అన్నాడు అల్లుడు గోడకేసి చూస్తూ.

సరిగ్గా అప్పుడే మామగారు హోటల్ మేనేజరును వెంటబెట్టుకుని దిగారు. లాండ్రీ మొత్తం పాత రోజుల్లోకన్నా గట్టిగా అరుస్తోంది. గులాబీ బల్లగుడ్డలు మేనేజరు కంటపడ్డాయి. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"అల్లుడుగారూ, ఏమిటీ భాగోతం?"

"కుట్ర మామయ్యగారూ! మన ఇంటి మనిషే నా బ్రోకర్ పీక నొక్కుతున్నాడు. ఎవరు, ఎప్పుడు ఆపారో మెషీన్ అంతా రాసి పెడుతుంది. మేనేజరుగారి ముందే పేరు చదువుతాను. ఆ పేరున్నవాడు మళ్ళీ ఈ కంప్యూటరు ముట్టుకోకూడదు. మాటివ్వండి."

"ఇచ్చాను. చదవండి."

బావమరిది ముఖం పాలిపోయింది. అల్లుడు విజయగర్వంతో తాళం తీసి, లాగిన్ అయి, రికార్డు తెరిచాడు. గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ సవరించుకున్నాడు. 

"ఆగారేం?" అన్నారు మామగారు.

భార్య భుజం మీదుగా తొంగి చూసి తానే చదివింది. "అల్లుడు లాగౌట్ అయ్యాడు. అల్లుడు ఖాతా కింద నడుస్తున్నవన్నీ ఆపివేయడమైనది. మళ్ళీ అల్లుడు లాగౌట్ అయ్యాడు. ఆపివేయడమైనది. మళ్ళీ అల్లుడు..."

"అల్లుడంటే ఎవరండీ?" అని అడిగాడు మేనేజరు అమాయకంగా.

 అందరూ ఒకవైపే చూశారు. అల్లుడికి అప్పుడు తెలిసొచ్చింది. తన ఖాతా కింద ఉంచిన బ్రోకర్ తను లాగిన్ కాగానే లేస్తుంది, ఖాతాలో ఉన్నంతసేపే బతుకుతుంది. యజమాని గడప దాటగానే సిస్టమ్ ఆ గదిలో దీపాలన్నీ ఆర్పేస్తుంది. ఎంత అనుమానిస్తే అన్నిసార్లు లాగౌట్, ఎన్నిసార్లు లాగౌట్ అయితే అన్నిసార్లు చావు! 

"తెర పోయినప్పుడల్లా నేనే గదిగదికీ పరిగెత్తి చెప్పొచ్చాను బావా," అన్నాడు బావమరిది నెమ్మదిగా. "హోటల్ యూనిఫారాలన్నీ ఉతికి ఇస్త్రీ కూడా అయిపోయాయి. నీ మాట పోతుందని నాన్నకి చెప్పలేదు."

మేనేజరు యూనిఫారాలు తిప్పి చూసి, బాగున్నాయన్నాడు. బల్లగుడ్డలు తెల్లగా వస్తే ఏడాది పని ఇస్తానన్నాడు. అల్లుడు తల ఎత్తకుండానే వైఫై తీగ తిరిగి తగిలించి, ఒక్క వాక్యం టైపు చేశాడు, ఈ ఖాతా మనిషి బయటికెళ్ళినా పనులు ఆపొద్దని. లాగౌట్ అయ్యాడు. తెరలన్నీ వెలుగుతూనే ఉన్నాయి.

"యంత్రం మంచిదే," అన్నారు మామగారు. "ఉంచుదాం. నేను మాటిచ్చాను కాబట్టి ఇకమీదట దాన్ని మావాడు చూసుకుంటాడు."

బావమరిది ఆ సాయంత్రమే పాస్‌వర్డ్ మార్చాడు. అదేమిటో అల్లుడికి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.