మంత్రిగారి తొలి బంతి

"ఈ దేశంలో అభివృద్ధి చెందాల్సింది ఇక గోల్ఫ్ ఒక్కటే!" అని క్రీడామంత్రిగారు ప్రకటించారు. డెవలప్‌మెంట్ టూర్‌లో ప్రతి పోటీకీ తొలి బంతి తామే కొడతామని మాటిచ్చారు. మాట తప్పే మనిషి కాదు. అదే కొంప ముంచింది.

ఈ టూర్‌లో మొదటి ఐదుగురికే పెద్ద టూర్‌లో ఆడే కార్డు దక్కుతుంది. ఎడంచేతి ఆటగాడికి ఇదే ఆఖరి సీజన్. ఈసారీ కార్డు రాకపోతే మామగారి సిమెంటు కొట్లో కూర్చుంటానని ఇంట్లో ఒప్పుకున్నాడు. అతని బ్యాగు మోసేది సొంత అక్క.

మొదటి పోటీలో మంత్రిగారి బంతి ఆయన బూటుకే తగిలి వెనక్కి దొర్లింది. "మూలాలు మరవని షాట్!" అని వ్యాఖ్యాత గొంతు గద్గదమైంది. సాయంత్రం బోర్డు మీద ఎడంచేతి ఆటగాడికి అరవై ఎనిమిది దెబ్బలు, మంత్రిగారికి ఒకటి. గోల్ఫ్‌లో తక్కువ దెబ్బలు కొట్టినవారే విజేత.

ఎడంచేతి ఆటగాడు రిఫరీ దగ్గరికి పరుగెత్తాడు. "సార్, ఆయన బంతి గుంతలో పడనే లేదు కదా!"

"పడదని ఎవరన్నారు? దారిలో ఉంది."

తర్వాతి పోటీలో మంత్రిగారి బావమరిది రెండో తొలి బంతి కొట్టారు. ఆపైన వియ్యంకుడు మూడోది, పీఏ నాలుగోది. పీఏ సభ్యత తెలిసినవాడు. మంత్రిగారిని మించకూడదని రెండుసార్లు కొట్టాడు.

"నాలుగు కార్డులు పోయాయి, ఇంకోటుందిరా. అటు చూడకు, బంతిని చూడు" అంది అక్క.

చూశాడు. ఎండలో, వానలో, జ్వరంలో కూడా బంతినే చూశాడు. ఆఖరి పోటీ, ఆఖరి గుంత. బంతి అంచు మీద కాసేపు తటపటాయించి లోపల పడింది. ఐదో స్థానం! అక్క బ్యాగు అక్కడే పడేసి తమ్ముణ్ణి పట్టుకుని భోరున ఏడ్చింది. మామగారు కూడా ఫోన్‌లో మొదటిసారి "అల్లుడుగారూ" అన్నారు.

కొత్త బూట్లు తొడుక్కుని, కార్డు మెడలో వేసుకుని, అక్కతో కలిసి పెద్ద టూర్ మైదానం గేటు దగ్గరికి వెళ్లాడు. కాపలాదారు లేచి సెల్యూట్ కొట్టాడు.

"తొలి బంతి కొట్టడానికా సార్?"

"కాదు, ఆడటానికి."

కాపలాదారు చెయ్యి దించేశాడు.

"ఈ ఏడాది ఆట లేదు బాబూ. ప్రారంభోత్సవాలే."

"లోపల పద్దెనిమిది గుంతలున్నాయి కదయ్యా!" అంది అక్క.

"ఉండేవమ్మా. అన్నింట్లోనూ శిలాఫలకాలు పాతేశారు."